డల్లాస్ పెరట్లో యుక్కా: మొవ్వు లాగితే ఊడి వస్తోందా?

డల్లాస్ చుట్టుపక్కల ఇంటి ముందు పెట్టుకోవడానికి పేల్‌లీఫ్ యుక్కా చక్కటి మొక్క. ఉత్తర టెక్సస్‌లో తనంతట తానే మొలిచే రకం. సుమారు అడుగు ఎత్తు, రెండడుగుల వెడల్పు, బూడిద కలిసిన నీలం ఆకులు, వాటికి సన్నటి పసుపు అంచు. ఎండకూ మంచుకూ తట్టుకుంటుంది. నీళ్ళు ఎక్కువైతేనే దీనికి గండం.

మధ్య ఆకులు పసుపు పడ్డాయి, మొవ్వు లాగితే చేతికి వస్తోంది, మొదలు మెత్తగా కంపు కొడుతోంది

వేరుకుళ్ళు. ఇక్కడి నల్లమట్టి అచ్చం మన నల్లరేగడే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి, లోపలి తడిని మాత్రం ఓ పట్టాన వదలదు. అందులో మనం అలవాటు కొద్దీ పాదు చేస్తాం. పైగా లాన్ స్ప్రింక్లర్ వారానికి రెండుసార్లు తడిపేస్తుంది. నా మొదటి మొక్క ఇలాగే పోయింది, నీళ్ళు చాలడం లేదేమోనని నేను ఇంకో బకెట్ పోశాను కూడా!

మొక్కను తవ్వి తీయండి. గట్టిగా, తెల్లగా ఉన్న భాగం కనబడేదాకా కుళ్ళును కోసేసి, వారం రోజులు నీడన ఆరబెట్టండి. మొదలంతా కుళ్ళితే పక్క పిలకలు వేరుచేసుకోండి. పాదు మాట మరిచిపోయి, అర అడుగైనా ఎత్తున దిబ్బ పోసి, మట్టిలో సగం దాకా డీకంపోజ్డ్ గ్రానైట్ (ముతక ఇసుకలా పొడైన గ్రానైట్ రాయి) కలిపి నాటండి. మొదలు చుట్టూ చెక్కపొట్టు వద్దు, గులకరాళ్ళు వేయండి. మొదటి వేసవిలో రెండు వారాలకోసారి నీళ్ళు చాలు. స్ప్రింక్లర్ తల మాత్రం అటు తిప్పకండి.

తవ్వినప్పుడు లోపల కాళ్ళు లేని తెల్లటి పురుగులు కనిపిస్తే అది ముక్కుపురుగు పని. ఆ మొక్క బతకదు. కవర్లో కట్టి చెత్తలో వేయండి, కంపోస్టులో వద్దు.

ఆకుల మీద పసుపు చుక్కలు, తారు చిందినట్టు నల్ల మచ్చలు

యుక్కా నల్లి రసం పీలుస్తోంది, ఆ నల్ల మచ్చలు దాని రెట్ట. నల్లటి ఒళ్ళు, నారింజ రంగు తల, మనం దగ్గరికెళ్తే ఆకు మొదట్లోకి దూరిపోతుంది. పైపుతో గట్టిగా కడిగి, సాయంత్రం ఇన్‌సెక్టిసైడల్ సోప్ కొట్టండి.

పూత రావడం లేదు

ఎండ చాలకో, మొక్క ఇంకా లేతగా ఉండో. ఎరువు వేయకండి. మొగ్గ కాడ రాత్రికి రాత్రే మాయమైతే జింకలు తినేసి ఉంటాయి.

పూసింది గానీ కాయలు లేవు

రోగమేమీ కాదు. యుక్కా చిమ్మట (యుక్కా మాత్, రాత్రిపూట తిరిగే సీతాకోకచిలుక లాంటి పురుగు) వచ్చి పుప్పొడి అంటిస్తేనే కాయ కడుతుంది. కొత్త మొక్కలకు పిలకలున్నాయిగా.