కార్తీకంలో వచ్చే థాంక్స్‌గివింగ్: గోదావరి జిల్లాల ఇంట్లో విందు ఎలా చేయాలి

అమెరికాలో పెరిగిన మనవలో, అక్కడి నుంచి వచ్చిన కోడలో అల్లుడో నవంబరులో మీ ఇంట్లో ఉంటే, ఆ నెల నాలుగో గురువారం వాళ్ల మనసంతా అక్కడే ఉంటుంది. మేలు తలచుకుని కృతజ్ఞత చెప్పుకునే అమెరికా పండుగ థాంక్స్‌గివింగ్ ఆ రోజే, 1941లో అక్కడి చట్టంతో ఖాయమైంది. అమలాపురంలోనైనా భీమవరంలోనైనా చక్కగా చేయొచ్చు. వంట సంగతి తర్వాత, ముందు పంచాంగం తీయండి.

ఆ గురువారం 22, 28 తేదీల మధ్య పడుతుంది. అప్పటికి కార్తీకమైనా నడుస్తుంటుంది, మార్గశిరమైనా వచ్చి ఉంటుంది. కార్తీకంలో చాలా ఇళ్లలో నీచు ముట్టరు. మార్గశిరమైతే అది లక్ష్మీవారం, అత్తగారికి పూజ ఉంటుంది. 2026లో 26వ తేదీ కార్తీక పౌర్ణమి వెళ్లిన రెండో రోజే. ఆ విందుకు అసలు వంటకం టర్కీ కోడి, పెద్దవాళ్లను అడక్కుండా దానికి చెప్పేయకండి. గురువారం పూర్తి శాకాహారం పెట్టి, మాసం వెళ్లాక ఒక ఆదివారం కోడి వండుకోవడమే మా దృష్టిలో మంచి పద్ధతి. అందరూ ఒకే బల్ల దగ్గర తినగలగాలి, అది ముఖ్యం.

పిల్లలు అడిగేది పంప్‌కిన్ పై, అంటే మైదా అడుగు మీద గుమ్మడి గుజ్జు పోసి కాల్చే తీపి. కార్తీకం కాబట్టి గుడ్డు లేకుండా చేయండి. మన తియ్యగుమ్మడిలో నీరెక్కువ, పై జావగా మిగిలిపోయేది దానివల్లే. కిలోన్నర ముక్కలు ఆవిరి మీద ఉడికించి, మెదిపి, మూకుట్లో అంచులు వదిలేదాకా దగ్గర చేయండి. అందులోంచి 425 గ్రాములు తీసుకుని 150 గ్రాముల బెల్లం కరిగించి చల్లార్చాలి. 700 మిల్లీలీటర్ల పాలు 300కి మరిగించి, అవీ పూర్తిగా చల్లారాకే కలపండి. వేడి పాలల్లో బెల్లం పడితే విరిగిపోతాయి. మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) 30 గ్రాములు, దాల్చినచెక్క పొడి చెంచా, శొంఠి అర చెంచా, జాజికాయ చిటికెడు.

అడుగు పిండికి మైదా 175 గ్రాములు, వెన్న 110, ఉప్పు చిటికెడు, ఐసు నీళ్లు మూడు నాలుగు పెద్ద చెంచాలు. మన ఉక్కకు వెన్న చేతిలోనే కరిగి, పొరలు రాకుండా గట్టిపడుతుంది. వెన్నను గడ్డకట్టించి తురుముపీట మీద తురిమి, పిండిలో వేళ్ల కొసలతో కలిపి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. 23 సెంటీమీటర్ల పళ్లెంలో పరిచి, పైన కాగితం వేసి శనగలు పోసి, 200 డిగ్రీల్లో 15 నిమిషాలు కాల్చాలి. శనగలు తీసేసి గుమ్మడి పోసి 175లో దాదాపు 45 నిమిషాలు. కదిపితే నడిమధ్య కొంచెం వణుకుతున్నప్పుడే దించేయండి, చల్లారేకొద్దీ బిగుస్తుంది. మూడు గంటలు ఆగకుండా కోస్తే కారిపోతుంది.

అక్కడ వేసుకునే క్రాన్‌బెర్రీ (పుల్లటి ఎర్ర పండు) పచ్చడికి బదులు ఉసిరి. ఈ నెలలో సంత నిండా అవే. పావుకిలో ఉడికించి, ఆ వగరు నీళ్లు పారబోసి, గింజలు తీసి, 200 గ్రాముల బెల్లం, దాల్చినచెక్క ముక్కతో పాకం చెంచాకు అంటేదాకా ఉడికించండి. సార్వా కోతల కాలం కాబట్టి కొత్త బియ్యంతో పరమాన్నం తప్పకుండా ఉండాలి. పులావుకి మాత్రం పాతవే, కొత్తవి ముద్దవుతాయి.

ఇక ఆ ఆదివారం టర్కీ కోడి. రెండు మూడు వారాల ముందే చెప్పి, ఆరు నెలలు దాటని పిట్టనే అడగండి. ముదురుదైతే ఎంత కాల్చినా నారే. గడ్డకట్టినదైతే ఫ్రిజ్‌లోనే కరగాలి, రెండు కిలోలకు ఒక రోజు చొప్పున. ఇళ్లలోని చిన్న ఓవెన్లలో నిండు పక్షి పట్టదు, పట్టినా తొడలు ఉడికేలోగా రొమ్ము ఎండిపోతుంది. ముక్కలు కొట్టించి, కిలోకు రెండు చిన్న చెంచాల ఉప్పు ముందు రాత్రే రాసి, రొమ్ము ఒక పళ్లెంలో, తొడలు ఇంకొకదానిలో 180లో కాల్చండి. థర్మామీటరు మందమైన చోట ఎముకకు తగలకుండా గుచ్చితే రొమ్ము 74 డిగ్రీలు, తొడ 80 చూపించాలి. టర్కీ దొరక్కపోతే రెండు బ్రాయిలర్లు. నాటుకోడి కాల్పుకి గట్టి, పులుసుకే బాగు.

భోజనం సాయంత్రం 7:30కి పెట్టుకుంటే న్యూయార్క్‌లో అప్పుడు ఉదయం 9, వీడియో కాల్‌లో వాళ్లూ కలుస్తారు. తినేముందు ఒక్కొక్కరు ఎవరి మేలు తలచుకుంటున్నారో చెప్పడం ఆనవాయితీ. మనవాళ్లు మొహమాటపడతారు, అందుకని పిల్లలతో మొదలుపెట్టండి. తాతగారు ఊరుకుంటే బలవంతం చేయకండి.

మిగిలినది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఎముకలు మిరియాలు వేసి మరిగిస్తే మర్నాటికి చారు.