ప్రయాణ రోగాల గురించిన ఫార్వర్డ్‌ను పరీక్షించడం ఎలా?

ఇంట్లో ఎవరైనా దూర ప్రయాణానికి సిద్ధమవుతున్నారని తెలియగానే బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏదో ఒక హెచ్చరిక వచ్చి పడుతుంది. విమానాశ్రయం మరుగుదొడ్డిలో విషపు సాలీడు కుట్టి ముగ్గురు చనిపోయారనో, బస్సు సీట్లలో హెచ్‌ఐవీ సూదులు గుచ్చి పెడుతున్నారనో, స్టేషన్లో అమ్మే పానీయంలో రోగి రక్తం కలిపారనో అందులో ఉంటుంది. వీటిలో చాలావరకు ఒకప్పుడు గొలుసు ఈమెయిళ్లుగా తిరిగినవే. వీటి నిజానిజాలు తేల్చడానికి వైద్యం చదివి ఉండనక్కర్లేదు. ఆ రోగం ఏ దారిన ఒంట్లోకి చేరుతుంది, చేరిన ఎన్నాళ్లకు బయటపడుతుంది అన్న రెండు సంగతులు తెలుసుకుంటే పుకార్లలో ఎక్కువ భాగం అక్కడే వీగిపోతాయి.

అయితే అంతకన్నా ముందు సందేశంలోని పేర్లను వెతకండి. సాలీడు కథ 1999లో అమెరికాలో ఈమెయిల్‌గా మొదలైంది. షికాగోలోని ‘బ్లేర్’ విమానాశ్రయంలో ఒక రెస్టారెంటు మరుగుదొడ్డి వాడిన స్త్రీలు చనిపోయారని, దక్షిణ అమెరికా నుంచి విమానాల్లో వచ్చిన ‘అరాక్నియస్ గ్లూటియస్’ అనే సాలీడు దీనికి కారణమని అందులో రాశారు. షికాగోలో ఆ పేరుతో విమానాశ్రయం లేదు, శాస్త్రవేత్తలు గుర్తించిన సాలీళ్లలో ఆ పేరు గలది లేదు, సాక్ష్యంగా చూపిన వైద్య పత్రిక కూడా లేదు. ఆ తర్వాత తిరిగిన మరో ఈమెయిల్లో ఎవరో సాలీడు పేరు మార్చి ‘తెలామోనియా డైమిడియేటా’ అని పెట్టారు. ఇది నిజంగానే ఉంది, మన దేశంలోనూ కనిపిస్తుంది. కానీ మనిషికి ఏ హానీ చేయని దూకే సాలీడు అది, ఉండేది చెట్ల ఆకుల మీద. అందువల్ల పేరు నిజమైనదని తేలినంత మాత్రాన ఆగిపోకుండా, ఆ పేరు గల జీవి సందేశంలో చెప్పిన పని చేయగలదా అని కూడా చూడాలి.

రోగం సోకే దారిని పరిశీలించడానికి సూదుల కథ మంచి ఉదాహరణ. సీటులో సూది గుచ్చుకుంటుంది, పక్కనే ‘నీకు హెచ్‌ఐవీ సోకింది’ అని రాసిన చీటీ దొరుకుతుంది. ఈ గొలుసు ఈమెయిళ్లు ఉధృతంగా తిరిగిన రోజుల్లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రమైన సీడీసీ, వైద్యశాలల వెలుపల ఇలా సూది గుచ్చుకోవడం వల్ల హెచ్‌ఐవీ సోకిన కేసు తమ దృష్టికి రాలేదని ప్రకటించింది. ఆస్పత్రుల్లో హెచ్‌ఐవీ రోగి రక్తంతో ఉన్న సూది అప్పటికప్పుడు గుచ్చుకున్న సిబ్బందిలో సైతం వైరస్ సోకేది వెయ్యికి సుమారు ముగ్గురికే. రక్తం గాలికి ఆరిపోయిన కొన్ని గంటల్లోనే వైరస్ తొంభై శాతానికి పైగా నశిస్తుంది. పానీయంలో రక్తం కలిపారన్న కథకైతే సోకే దారే లేదు, ఎందుకంటే కడుపులోని ఆమ్లం ఆ వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. పుకారు అబద్ధమైనా ఎక్కడైనా నిజంగా సూది గుచ్చుకుంటే మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు. హెపటైటిస్‌–బి అనే కాలేయ వ్యాధి హెచ్‌ఐవీ కంటే తేలికగా సోకుతుంది కాబట్టి గాయాన్ని సబ్బు నీటితో కడిగి వెంటనే ప్రభుత్వాస్పత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు అవసరమని వైద్యులు భావిస్తే వాటిని 72 గంటల లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత హెల్ప్‌లైన్ 1097.

తర్వాత కాలాన్ని లెక్క వేయండి. దిగిన మరునాడే దోమ కుట్టి మలేరియాతో చనిపోయారని రాస్తే నమ్మనవసరం లేదు, ఎందుకంటే దోమ కుట్టాక కనీసం వారం గడిస్తే గానీ మలేరియా జ్వరం రాదు. డెంగీకి సాధారణంగా 4 నుంచి 10 రోజులు, ఎబోలాకు 2 నుంచి 21 రోజులు పడుతుంది. ఈ లెక్క మరో విధంగానూ పనికొస్తుంది: మలేరియా కొన్నిసార్లు నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి, అది ఉన్న దేశం నుంచి తిరిగొచ్చిన కొన్ని నెలలకు జ్వరం వచ్చినా ఆ ప్రయాణం సంగతి వైద్యుడికి తప్పకుండా చెప్పాలి. సీట్లలో సూదులు వెతుక్కుంటూ దోమతెర సంగతి మరిచిపోయేలా చేయడమే ఈ పుకార్ల వల్ల జరిగే అసలు నష్టమని నా అభిప్రాయం.

ఎక్కడ సరిచూసుకోవాలన్నది తేలిక. అంతర్జాతీయంగా ముప్పు కాగల ఘటనను నిర్ధారించుకున్న 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలని 2007 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు సభ్య దేశాలను ఆదేశిస్తున్నాయి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వ్యాధుల వ్యాప్తి వార్తలు తేదీలతో సహా ఉంటాయి. దేశాలు ఆలస్యం చేయవచ్చు కాబట్టి అక్కడ కనిపించకపోవడం ఒక్కటే రుజువు కాదు. కేంద్ర ప్రభుత్వం పేరుతో వచ్చినదైతే ప్రభుత్వ సమాచార విభాగమైన పీఐబీ వారి ఫ్యాక్ట్ చెక్‌లో, ఫొటో ఉంటే ఫొటోతోనే వెతికే గూగుల్ లెన్స్‌లో వెతకండి. అసలైన అధికారిక హెచ్చరిక ఎలా ఉంటుందో, దోమల ద్వారా సోకే ఎల్లో ఫీవర్ అనే జ్వరం గురించిన నిబంధన చూస్తే తెలుస్తుంది: ఏయే దేశాల నుంచి వచ్చేవారికి టీకా పత్రం కావాలి, టీకా వేసుకున్న 10 రోజుల నుంచి అది చెల్లుతుంది, 2016 జులై నుంచి అది జీవితకాలం చెల్లుబాటవుతుంది వంటి వివరాలన్నీ అందులో స్పష్టంగా ఉంటాయి. పదిమందికి పంపమని అది అడగదు.

మందు చెప్పే ఫార్వర్డ్ విషయంలో అన్నిటికంటే గట్టిగా ఉండాలి. 2014 జులైలో ఒక విమాన ప్రయాణికుడి ద్వారా ఎబోలా నైజీరియాలోని లాగోస్ చేరింది. ఉప్పునీళ్లు తాగితే అది సోకదన్న సందేశాలు ఫోన్లలో పాకాయి. అలా తాగి కనీసం ఇద్దరు చనిపోయారని ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇలాంటి చిట్కా కనబడితే ఆలస్యం చేయకుండా గ్రూపులోనే అందరికీ కనిపించేలా వద్దని చెప్పండి.

మిగతా వాటికి పంపినవారితో విడిగా మాట్లాడడం మేలు. పెద్దవారు భయంతో, మన మీద ప్రేమతో పంపుతారు. నలుగురిలో తప్పు పడితే వారు నొచ్చుకుంటారు, మరోసారి మనకు పంపకుండా వేరేవారికి పంపుతారు. ‘పెదనాన్నా, మీరు పంపింది చదివాను. ఆ విమానాశ్రయం పేరు వెతికాను, అలాంటిది లేదట. మేం వెళ్లేచోట డెంగీ ఎక్కువ కాబట్టి దోమల మందు పెట్టుకుంటున్నాం. వీలైతే గ్రూపులోది మీరే తీసేయండి’ అని రాస్తే చాలు. ఫోనులో ‘అందరికీ తొలగించు’ అనే ఎంపిక వ్యవధి దాటితే కనిపించదు గనుక, అప్పుడు అదే సందేశం కింద అది నిజం కాదని ఒక్క వాక్యం ఆయన చేతే రాయించండి.