గుండె ఆపరేషన్ తర్వాత పిల్లలకు మత్తు – మూడో పాఠం: డోసు పెంచే ముందు

గత రెండు పాఠాల్లో మందుల గురించి చెప్పుకున్నాం. ఈసారి మందు జోలికి వెళ్లకముందు బిడ్డను చూడటం నేర్చుకుందాం. నా దృష్టిలో ఈ పాఠాలన్నిటిలో ముఖ్యమైనది ఇదే.

వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డకు మత్తు ఎంత ఉందో తెలుసుకోవడానికి కంఫర్ట్-బి స్కేలు వాడతాం. మంచం పక్కన నిలబడి రెండు నిమిషాలు బిడ్డనే చూడాలి. మెలకువ, ప్రశాంతత, వెంటిలేటర్‌తో శ్వాస కలుస్తున్న తీరు, కదలికలు, కండరాల బిగువు, ముఖంలో బిగువు. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 6 నుంచి 30. కండరాల బిగువు కోసం చివర్లోనే చెయ్యి మెల్లగా ఎత్తి చూడండి. ముందే ముట్టుకుంటే బిడ్డ లేస్తుంది, మిగతా మార్కులన్నీ తప్పుతాయి. 10 లేదా అంతకన్నా తక్కువైతే మత్తు ఎక్కువైందని, 23 లేదా ఆపైన ఉంటే చాలడం లేదని అనుమానించాలి. మధ్యలో ఉంటే పక్కనే ఉండే నర్సు అంచనాకు విలువ ఇవ్వండి.

ఈ స్కేలులో గుండె వేగం, బీపీ లేవు. పేస్‌మేకర్, ఇనోట్రోప్‌లు (గుండె పంపింగ్ పెంచే మందులు) నడుస్తున్న బిడ్డలో ఆ అంకెలను బట్టి మత్తు సంగతి తేల్చలేం కాబట్టి మన పిల్లలకు ఇది బాగా సరిపోతుంది. కండరాలు సడలించే మందు ఇచ్చిన బిడ్డకు మాత్రం ఈ స్కేలు పనికిరాదు.

ఇప్పుడు స్కోరు 25 వచ్చిందనుకోండి. చెయ్యి మత్తుమందు మిడజోలామ్ వైపు వెళ్తుంది. ఆగండి. ఆపరేషన్ తర్వాత మొదటి 6 నుంచి 18 గంటల్లో గుండె పంపింగ్ తగ్గడం తరచూ చూస్తాం. మెదడుకు రక్తం, ఆక్సిజన్ చాలకపోయినా బిడ్డ ఇలాగే గింజుకుంటుంది. ఆ సమయంలో మిడజోలామ్ గబగబా ఎక్కిస్తే బీపీ పడిపోతుంది, గుండె ఆగిపోవచ్చు కూడా.

అందుకే ముందు ఛాతీ రెండు వైపులా లేస్తోందా, ట్యూబ్ జరిగిందా, కఫంతో మూసుకుపోయిందా చూడండి. పాదాలు చల్లగా ఉన్నాయా, మూత్రం తగ్గిందా, రక్తంలో లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే పెరిగేది) పెరుగుతోందా? సాచురేషన్‌ను (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఆ బిడ్డకు ఉండాల్సిన అంకెతోనే పోల్చండి. ఒకే జఠరిక (రక్తం పంపే గది) పనిచేస్తూ, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లడానికి షంట్ అనే గొట్టం వేసిన బిడ్డకు 75–85 శాతం మామూలే. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు నొప్పి, ఆకలి, తడిసిన డైపర్, కళ్లలో పడే లైటు సంగతి. అమ్మ గొంతు వినిపిస్తే చాలామంది పిల్లలు కుదుటపడతారు, దాన్ని చిన్న విషయంగా తీసిపారేయకండి. నొప్పి అనిపిస్తే నొప్పి మందే ఇవ్వండి. మిడజోలామ్ నొప్పిని తగ్గించదు.

ఒక్కచోట మాత్రం స్కోరు పెరిగేదాకా ఆగకూడదు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎక్కువున్న బిడ్డకు సక్షన్ చేస్తే (ట్యూబ్‌లోంచి కఫం లాగితే) ఆ ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదకు రావచ్చు. సక్షన్‌కు ముందే నొప్పి మందు ఫెంటనిల్ ఇచ్చి, ఆక్సిజన్ పెంచాలి. ఫెంటనిల్ నెమ్మదిగానే ఇవ్వండి, వేగంగా ఇస్తే ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి.

అభ్యాసం: మూడు నెలల బిడ్డ, వీఎస్‌డీ (జఠరికల మధ్య గోడలో రంధ్రం) మూసి ఎనిమిది గంటలైంది. స్కోరు 24. ఇప్పటిదాకా ఛాతీ గొట్టంలోంచి బాగా వచ్చిన డ్రెయిన్ (రక్తం, ద్రవం) హఠాత్తుగా ఆగింది, సీవీపీ (గుండెకు తిరిగి వచ్చే పెద్ద సిరల్లో ప్రెషర్) పెరుగుతోంది, బీపీ తగ్గుతోంది. మీరు ముందు ఎవరిని పిలుస్తారు, ఏ మందు ఇవ్వకుండా ఆపుతారు? కారణంతో సహా రాసి ఉంచుకోండి. నాలుగో పాఠం ఈ బిడ్డతోనే మొదలవుతుంది.