రేడియాలజీ, రేడియేషన్ ఆంకాలజీ డాక్టర్లకు: రెన్యువల్ దరఖాస్తులో సీఎంఈ గంటలు ఎలా చూపాలి?

మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడ్డాకే చాలామందికి సీఎంఈ (డాక్టర్లు వృత్తిలో ఉంటూనే కొనసాగించాల్సిన వైద్య విద్య) గుర్తొస్తుంది. వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనలు అయిదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈ ఉండాలంటున్నాయి. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) కొత్త నిబంధనలు తెచ్చి, ఆ నెలలోనే పక్కన పెట్టేయడంతో మళ్లీ ఈ 2002 నిబంధనలే అమల్లోకి వచ్చాయి.

దరఖాస్తుకు ముందు మీ పేరు ఏ కౌన్సిల్లో ఉందో చూసుకోండి. 2014కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నమోదై ఇప్పుడు హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేస్తున్నవారైతే ముందు తెలంగాణ కౌన్సిల్‌తో తమ రిజిస్ట్రేషన్ సంగతి తేల్చుకోవాలి. రేడియోడయాగ్నసిస్‌లోనో, రేడియేషన్ ఆంకాలజీలోనో చేసిన ఎండీ, డీఎన్‌బీ పీజీ డిగ్రీ అదనపు అర్హతగా ఎక్కిందో లేదో కూడా అప్పుడే చూసుకుంటే మేలు. ఎంబీబీఎస్ దగ్గరే రికార్డు ఆగిపోయినవాళ్లు తక్కువేం కాదు.

అసలు తంటా సర్టిఫికెట్లతో. రెండు రోజులు సదస్సులో కూర్చున్నంత మాత్రాన గంటలు రావు. నిర్వాహకులు ముందే కౌన్సిల్‌కు రాసి అనుమతి తీసుకుని ఉండాలి, ఎన్ని క్రెడిట్ గంటలో కౌన్సిల్ చెప్పి ఉండాలి. రేడియాలజిస్టుల సంఘం ఐఆర్ఐఏ, రేడియేషన్ ఆంకాలజిస్టుల సంఘం ఏఆర్‌ఓఐ నడిపే కార్యక్రమాలకు వెళ్లినా సర్టిఫికెట్‌పై కౌన్సిల్ పేరు, గంటలు, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా అని అక్కడే చదువుకోండి. మధ్యాహ్నం భోజనం కాగానే జారుకునే అలవాటుంటే మాత్రం హాజరు సంతకం దగ్గర దొరికిపోతారు. షికాగోలో జరిగే ఆర్ఎస్ఎన్ఏ (ఉత్తర అమెరికా రేడియాలజీ సంఘం) లాంటి విదేశీ సదస్సుకు వెళ్తుంటే, ఆ గంటలు లెక్కలోకి వస్తాయా అని టికెట్ కొనకముందే కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగండి.

అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) వారి ఇ-లోరా పోర్టల్‌లో రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా ఆమోదం పొందితే అదే సీఎంఈకి సరిపోతుందని కొందరి నమ్మకం. అది వేరు, ఇది వేరు. అక్కడ చూసేది ఎక్స్‌రే, సీటీ, క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ ఉన్న చోట రేడియేషన్ భద్రతను. స్కానింగ్ సెంటర్‌కు గర్భస్థ శిశు లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద అయిదేళ్లకోసారి చేయించే రెన్యువల్ మరో దారి. దానికి గడువుకు 30 రోజుల ముందే దరఖాస్తు ఇవ్వాలి. రేడియోగ్రాఫర్లు, రేడియోథెరపీ టెక్నాలజిస్టులైతే 2021 నాటి అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి వస్తారు కాబట్టి ఈ కౌన్సిల్ దరఖాస్తుతో వారికి పనిలేదు.

ఇక దరఖాస్తు సులువే. కౌన్సిల్ సైట్‌లో మీ నంబరుతో లాగిన్ అయి రెన్యువల్ ఎంచుకోవాలి. పాత రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఫొటో, గుర్తింపు కార్డు, సీఎంఈ సర్టిఫికెట్ల స్కాన్లు సిద్ధంగా పెట్టుకోండి. ఫీజు విషయంలో వాట్సాప్‌లో తిరిగే పాత అంకెలు నమ్మొద్దు, సైట్‌లో ఆ రోజు ఉన్నదే కట్టండి. రసీదు డౌన్‌లోడ్ చేసుకున్నాకే లాగౌట్ అవ్వండి. ఒరిజినల్స్ చూపమని అడిగితే వెతుక్కోకుండా అన్నీ ఒకే ఫైల్లో, తేదీల వరుసలో ఉంచుకోండి.