రేపు బిడ్డను కలుస్తామనగా బీజింగ్‌లో ఒక రోజు

ముందు ఒక సంగతి తేల్చేసుకుందాం. విదేశీయులు చైనా నుంచి పిల్లల్ని దత్తత తీసుకునే పద్ధతిని అక్కడి ప్రభుత్వం 2024లో ఆపేసింది. 1992 నుంచి లెక్కేస్తే ఒక్క అమెరికాకే 80,000 మందికి పైగా పిల్లలు వెళ్ళారు. ఇప్పుడు ఆ దారి లేదు. మూడు తరాల లోపు రక్తసంబంధం ఉన్నవాళ్ళ పిల్లల్ని, లేదా భార్యకో భర్తకో అంతకుముందు కలిగిన పిల్లల్ని మాత్రమే తీసుకోనిస్తున్నారు. అంటే మీ ఆవిడది చైనా అయి, వాళ్ళ అన్నయ్య కూతుర్నో చెల్లెలి కొడుకునో మీరు పెంచుకోబోతుంటే ఇది మీకోసమే. ఎప్పుడో దత్తత వెళ్ళి ఇప్పుడు ఎదిగిన పిల్లలతో వాళ్ళు పుట్టిన ఊరు చూడ్డానికి వచ్చే కుటుంబాలకీ చాలావరకు పనికొస్తుంది.

దత్తత రిజిస్ట్రేషన్ జరిగేది బిడ్డ ఉన్న ప్రావిన్సులో, సాధారణంగా దాని రాజధానిలో. అది చాంగ్షా కావచ్చు, నాన్‌చాంగ్ కావచ్చు, జెంగ్‌జౌ కావచ్చు. చాలామంది ముందు బీజింగ్‌లో దిగి, ఒకటి రెండు రోజులాగి అక్కడికి వెళ్తారు. ఆ మధ్యలో దొరికే రోజే ఇబ్బంది. హోటల్ గదిలో కూర్చుంటే ఫైళ్ళు పదిసార్లు తిరగేస్తూ ఒకరి టెన్షన్ ఒకరికి అంటించుకుంటారు. పోనీ బయటికెళ్దామంటే, మళ్ళీ ఎప్పుడొస్తామో అని గోడ (గ్రేట్ వాల్), రాజభవనం (ఫర్‌బిడెన్ సిటీ), గుడి, సాయంత్రం బాతు మాంసం విందు అన్నీ ఒకే రోజులో కుక్కేస్తారు. రెండూ వద్దు. ఒక పెద్ద చోటు, ఒక చిన్న చోటు, మధ్యాహ్నం నాలుగింటికల్లా గదికి. అంతకు మించి ఏదీ పెట్టుకోకండి.

అమెరికా తూర్పు తీరం నుంచి వచ్చినవాళ్ళకి పన్నెండు పదమూడు గంటల తేడా, పగలూ రాత్రీ తారుమారు. తెల్లవారుజామున మూడింటికే అందరూ కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తుంటారు. (ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి తేడా రెండున్నర గంటలే కాబట్టి వాళ్ళకి ఈ బాధ లేదు.) బలవంతంగా పడుకోబెట్టే బదులు లేచి తియాన్‌తాన్ పార్కుకి వెళ్ళండి, అదే స్వర్గ దేవాలయం. పొద్దున ఆరు, ఆరున్నరకల్లా గేట్లు తీస్తారు, లోపలి మందిరాలు మాత్రం ఇంకాస్త పొద్దెక్కాక. మెట్రో ఐదో లైన్లో తూర్పు గేటు ముందే దిగొచ్చు. మీరు చూడాల్సింది మందిరం ఒక్కటే కాదు, రిటైరైన ముసలివాళ్ళని కూడా. పొడుగాటి వసారా అరుగుల మీద పేకాట, పక్కన ఒకావిడ ఊలు అల్లుతూ ఆట చూస్తూ ఉంటుంది, ఇంకో పక్క స్పీకర్ పెట్టుకుని డాన్సు. ఈకలు కట్టిన బిళ్ళని కాళ్ళతో ఎగరేస్తూ కిందపడకుండా ఆడే ఆట ఒకటుంది, మీ పిల్లలు దగ్గరికెళ్ళి నిలబడితే ఆ తాతలే వాళ్ళని ఆటలోకి లాగుతారు, భాష అక్కర్లేదు. ప్రధాన మందిరం కట్టింది 1420లో. 1889లో పిడుగుపడి కాలిపోతే మళ్ళీ కట్టారు, 38 మీటర్ల ఎత్తు, చెక్క దూలాలన్నీ మేకులు లేకుండానే ఒకదాంట్లో ఒకటి బిగించారు.

ఇక పెద్ద చోటు. రాజభవనమా, గోడా?

రాజభవనం అనుకుంటే ముందే ఫోన్లో పని మొదలెట్టాలి. టికెట్లు వారం ముందు నుంచి ఆన్‌లైన్లో, పాస్‌పోర్టు నంబరుతో ఇస్తారు. రోజుకి ఇంతమందే అని పరిమితి ఉంది కాబట్టి సీజన్లో చకచకా అయిపోతాయి. అక్కడికెళ్ళి కౌంటర్లో కొనుక్కుందాం అని మాత్రం అనుకోకండి. పండగ సెలవులు తప్ప సోమవారాలు మూసేస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు 60 యువాన్లు, మిగతా నెలల్లో 40. దక్షిణం గేటులో లోపలికి, ఉత్తరం గేటులో బయటికి, వెనక్కి తిరగడం ఉండదు. ప్రాంగణాల్లో నీడ తక్కువ. అమ్మమ్మనీ తాతయ్యనీ వెంట తెచ్చుకుంటే జులై ఎండలో ఆ నడక వాళ్ళవల్ల కాదు. ఉత్తరం గేటు ఎదురుగానే జింగ్‌షాన్ గుట్ట ఉంది, ఓపికుంటే ఎక్కండి, పసుపుపచ్చ కప్పులన్నీ కిందే కనిపిస్తాయి.

నా ఓటు మాత్రం గోడకే. రాజభవనంలో క్యూలు, చెకింగులు, చరిత్ర వినడాలు. మీ బుర్ర రేపటి మీద ఉంటే ఏ చక్రవర్తి ఏం చేశాడో ఒక్క ముక్క ఎక్కదు. గోడ మీద మెట్లెక్కితే ఒళ్ళు అలుస్తుంది, అలిసిన ఒంటికి రాత్రి నిద్ర పడుతుంది, ఆ రోజుకి కావాల్సింది అదే. గోడలో ముతియాన్యూ అనే భాగానికి వెళ్ళండి. ఊరికి 70 కిలోమీటర్లు, కార్లో గంటన్నర నుంచి రెండు గంటలు. బాదాలింగ్ అనే ఇంకో భాగానికి రైలుంది, కానీ జనం కూడా అక్కడే. ముతియాన్యూలో పైకి కుర్చీ లిఫ్టులో వెళ్ళి, కిందికి జారుడుబండి మీద రావచ్చు. లోహపు కాలువ లాంటి దారిలో ఒక్కో మనిషికి ఒక్కో చిన్న బండి, కాళ్ళ మధ్య ఒక కర్ర. దాన్ని ముందుకి తోస్తే వేగం, వెనక్కి లాగితే బ్రేకు. ముందు వెళ్ళే ఆయన భయపడి మధ్యలో ఆపేస్తే వెనక అందరూ ఆగాల్సిందే, అందుకని మీ పెద్ద పిల్లాణ్ణి ముందు పంపి మీరు వెనకాల రండి. గుడీ గోడా రెండూ చూద్దాం అనుకుంటే గుడి తెల్లవారుజామున, అక్కణ్ణుంచి నేరుగా కారెక్కి గోడకి.

అక్టోబరు మొదటి వారం, మే ఒకటి, చైనా కొత్త సంవత్సరం సెలవులు పడితే ఈ ప్లానంతా పక్కన పెట్టేయండి, దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. హోటల్ దగ్గర్లో ఏదో ఒక పార్కు చూసుకోండి చాలు.

ఇంట్లో ఉండగానే చేసుకోవాల్సిన పనులు. అలీపే (ఫోన్లో డబ్బు కట్టే చైనా యాప్) వేసుకుని మీ వీసా కార్డో మాస్టర్ కార్డో కలపండి. టీ కొట్టు నుంచి టాక్సీ దాకా అన్నీ దాంతోనే నడుస్తాయి. 200 యువాన్ల లోపు బిల్లుకి ఫీజు లేదు, దాటితే మూడు శాతం. గూగుల్, వాట్సాప్ అక్కడి వైఫైలో పనిచేయవు, మీ దేశం సిమ్ రోమింగ్‌లో అయితే వస్తాయి. హోటల్ పేరు, అడ్రసు చైనా అక్షరాల్లో ఉన్న కార్డు అందరి జేబుల్లో ఉండాలి. పాస్‌పోర్టు గదిలో వదిలి వెళ్ళకండి, టికెట్ గేట్ల దగ్గర అసలుదే అడుగుతారు. ఇంకోటి, దీని సంగతి చాలామందికి తెలీదు: 2025 జూన్ నుంచి చైనా దేశీయ విమానాల్లో వాళ్ళ 3సీ ముద్ర (చైనా భద్రతా ధ్రువీకరణ గుర్తు) లేని పవర్ బ్యాంకు ఎక్కనివ్వరు. మర్నాడు మీరెక్కేది అలాంటి విమానమే. లేకపోతే ఆ రోజే ముద్ర ఉన్నది ఒకటి కొనేయండి.

తిండి దగ్గర సాహసాలు వద్దు, రేపు కడుపు నొప్పితో దత్తత ఆఫీసులో కూర్చోలేరు. శాకాహారులకి టమాటా గుడ్డు వేపుడు (గుడ్డు తింటే), సన్నగా తరిగిన బంగాళాదుంప వేపుడు, వంకాయ, తెల్లన్నం ఎక్కడైనా దొరుకుతాయి. మాంసం వద్దు అని చెప్పినా కూరలో మాంసం రసం పోయొచ్చు, అందుకే విడిగా అడగాలి. ఒక పొడి డబ్బా సంచిలో ఉంటే ఆ పూట గడిచిపోతుంది. కుళాయి నీళ్ళు తాగకూడదు. కానీ స్టేషన్లు, విమానాశ్రయాల్లో వేడినీళ్ళ కుళాయిలు ఉంటాయి, ఒక ఫ్లాస్కు కొనుక్కోండి. చంటిబిడ్డయితే రేపట్నుంచి పాలు కలపడానికి అదే ఆధారం.

దారిలో బిడ్డ కోసం ఏమైనా కొనాలనిపిస్తుంది. పెద్దవి కొని మోసుకోకండి. చైనా నుంచి పిల్లల్ని తెచ్చుకున్న కుటుంబాల్లో ఒక మంచి అలవాటు ఉంది: చిన్న చిన్న వస్తువులు కొని, ఒక్కో పుట్టినరోజుకి ఒక్కోటి ఇవ్వడం. ఎక్కడ కొన్నారో, ఆ రోజు ఏం చేశారో చీటీ మీద రాసి దాంతో పాటే పెట్టండి, పదేళ్ళకి మీకే గుర్తుండదు. బీజింగ్ సరుకు కంటే బిడ్డ సొంత ఊరి సరుకు ఇంకా విలువైంది కాబట్టి డబ్బు కొంత అక్కడికి దాచండి.

ఇంట్లో ఇప్పటికే ఒక పిల్లో పిల్లాడో ఉంటే ఈ రోజు వాళ్ళదే. రేపట్నుంచి అందరి చూపూ కొత్త బిడ్డ మీదే కదా. చెల్లి వస్తోంది, బొమ్మలు పంచుకోవాలి, అల్లరి చేయకూడదు అని పొద్దుటి నుంచీ పాఠాలు చెప్పకండి. ఐస్‌క్రీమ్ అడిగితే కొనిపెట్టండి.

సాయంత్రం చేయాల్సింది ఒకటే ముఖ్యమైన పని. ఇన్నాళ్ళూ బిడ్డను చూసుకున్నవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలు చైనా భాషలో రాయించి పెట్టుకోండి. ఎన్నింటికి పడుకుంటుంది, ఎవరి పక్కన పడుకుంటుంది, ఏం తింటుంది, ఏం పెడితే ఉమ్మేస్తుంది, ఏడిస్తే ఎలా ఊరుకోబెడతారు, ఇంట్లో ఏ ముద్దుపేరుతో పిలుస్తారు. రేపు ఆ గదిలో బిడ్డ ఏడుస్తుంటే మీకు ఇవేవీ గుర్తుకురావు. బిడ్డ ఏడుస్తుంది కూడా, తనకి తెలిసిన మనుషులందరినీ వదిలి వస్తోంది మరి.

తర్వాత కాగితాల అసలు ప్రతులు, ఒక జత బట్టలు, బిస్కెట్లు, తుడుచుకునే కాగితాలు చేతి సంచిలో సర్దేయండి. బీజింగ్‌కి రెండు విమానాశ్రయాలు, ఈశాన్యాన క్యాపిటల్, దక్షిణాన డాషింగ్. ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్తే విమానం పోయినట్టే. టికెట్ మీద ఏది ఉందో ఇద్దరూ విడివిడిగా చూసి, హోటల్ కౌంటర్లో రాత్రే టాక్సీ చెప్పి పెట్టి, తొమ్మిదింటికల్లా లైట్లు ఆర్పేయండి.