రాత్రి రీల్స్ ఇలా ఆగాయి (నా అనుభవం)

పడుకునే ముందు ఐదు నిమిషాలని ఫోన్ తీస్తే ఒంటిగంట దాటేది. యాప్ తీసేయడం, టైమర్, ఒట్టు పెట్టుకోవడం అన్నీ అయ్యాయి. టైమర్‌నైతే నేనే ఆపేసేవాణ్ణి.

పనిచేసింది ఇది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, బెడ్‌టైమ్ మోడ్‌లో ముందుగా రాత్రి 9:30 నుంచి ఉదయం 6 దాకా షెడ్యూల్ పెట్టాను. తర్వాత కస్టమైజ్‌లో గ్రేస్కేల్ ఆన్ చేశాను. టైమ్ కాగానే స్క్రీన్ మొత్తం నలుపు తెలుపు. రంగుల్లేని రీల్ ఎంత చప్పగా ఉంటుందో చూస్తే గానీ తెలియదు! చివరగా ఛార్జర్‌ను మంచానికి చేయి అందనంత దూరంలో పెట్టాను.

మూడు వారాలుగా పదకొండులోపే నిద్ర. గ్రేస్కేల్ వల్లా, ఛార్జర్ వల్లా అంటే చెప్పలేను, రెండూ ఒకే రోజు మార్చాను. కొన్ని ఫోన్లలో ఈ ఆప్షన్ వేరే చోట ఉంటుంది.