టూసాన్: పలికేది ఎట్లా, రాసేది ఎట్లా

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఎడారిలో ఉన్న ఈ ఊరి పేరు కర్నూలు, కడప, అనంతపురం ఇళ్ళలో టక్సన్ అనో, టుక్సాన్ అనో, టస్కాన్ అనో వినబడుతుంది. పిల్లలు అక్కడ చదువుకుంటున్నా ఇంట్లో మాత్రం టక్సనే. సరైన పలుకు టూసాన్. ఇంగ్లీషు రాతలో సీ అక్షరం ఉంటుంది, నోట్లో ఉండదు.

టూవీలర్‌లోని ‘టూ’ తీసుకోండి. గంధం తీసే సాన తీసుకోండి. రెండూ కలిపి, చివరి అచ్చు తీసేస్తే టూసాన్. ఊనిక ‘టూ’ మీద పడాలి. ‘సా’కు నోరు బాగా తెరవాలి, తెరవకపోతే ‘సన్’ అయిపోతుంది. మొదటి అక్షరానికి మన ‘ట’ లాగా నాలుక వెనక్కి మడవకండి, కొనను పైపళ్ళ వెనక చిగురుకు తాకించి వదలండి. అమెరికా వాళ్ళతో మాట్లాడేటప్పుడు చివర ‘ను’ చేర్చవద్దు. తెలుగులో మాట్లాడేటప్పుడు ‘టూసాను’ అన్నా తప్పేమీ లేదు, ఇంగ్లీషు ‘బస్’ను మనం ‘బస్సు’ అన్నట్టే, అది మన భాష పద్ధతి.

పలకని ఆ సీ ఎందుకు వచ్చిందో తెలిస్తే పేరు మరిచిపోరు. ఆ ఎడారి తొహోనో ఓఓధమ్ అనే ఆదివాసుల నేల. వాళ్ళ భాషలో ఈ చోటు ‘చుక్ షోన్’. చుక్ అంటే నలుపు, షోన్ అంటే అడుగు, మొదలు. నల్లకొండ మొదట్లో ఉన్న ఊరు అన్నమాట. ఆ కొండను ఇప్పుడు సెంటినెల్ పీక్ అంటారు. ఇంగ్లీషు వాళ్ళ నాలుకకు అందని ఆ ఆదివాసుల ‘ష’ మనకు తేలిక, ‘భాష’లో ఉన్న ‘ష’కు అది చాలా దగ్గర. 1775లో స్పెయిన్ వాళ్ళు అక్కడ కోట కట్టి, తమ నోటికి వచ్చినట్టు ‘తుక్సోన్’ అని రాసుకున్నారు. వాళ్ళు ఇందులోని సీని ‘క్’ అని పలుకుతారు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ అట్లాగే అంటారు. 1854లో ఊరు అమెరికా చేతికి వచ్చాక ఇంగ్లీషు నోట్లో ‘క్’ జారిపోయింది, రాత మాత్రం మిగిలింది. కందనవోలు కర్నూలైన దారి ఇదే. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో దిద్దుకున్నాం కానీ, ముంబై వంటగట్టు మీద మన బండ ఇప్పటికీ ‘కడప్పా’నే.

స్పెల్లింగు టీ, యూ, సీ, ఎస్, ఓ, ఎన్. ఎక్కువమంది తప్పేది నడుమ: ఎస్ ముందు రాసి సీ తర్వాత పెడతారు. ఏబీసీడీల్లో సీ ముందు, ఎస్ తర్వాత; ఇక్కడా అంతే. తారుమారైతే ఇటలీలోని టస్కనీకి సంబంధించిన మాటలా కనిపిస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు విభక్తి దగ్గర చిక్కు వస్తుంది. ఫోన్లో ‘టూసాన్’ కొట్టి వెంటనే ‘లో’ కొడితే రెండూ అతుక్కుని ‘టూసాన్లో’ అవుతుంది, పెద్దవాళ్ళకు చదవడం కష్టం. ‘టూసానులో, టూసానుకు, టూసాను నుంచి’ అని రాస్తే ఏ కీబోర్డులోనైనా అక్షరాలు విడిగా, శుభ్రంగా నిలబడతాయి. పెళ్ళిపత్రికలో ఒంటరిగా వస్తే ‘టూసాన్, అరిజోనా’ చాలు. ప్రెస్సు వాళ్ళు ఇంగ్లీషు చూసి ‘టక్సన్’ కంపోజ్ చేస్తుంటారు కాబట్టి ప్రూఫు చూసేటప్పుడు ఆ ఒక్క మాట మీద వేలు పెట్టి చదవండి.

ఇంటర్నెట్లో ఉత్త టూసాన్ అని వెతికితే హ్యుందాయ్ కారు బొమ్మలు వస్తాయి. ఆ కారుకు ఈ ఊరి పేరే పెట్టారు. పక్కన అరిజోనా చేర్చి వెతకండి.

పలుకుకన్నా పెద్ద పొరపాటు కాలేజీ దగ్గర జరుగుతుంది. యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా ఉన్నది టూసానులో. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ టెంపీలో, ఫీనిక్స్ పక్కన. రెండు ఊళ్ళకూ మధ్య సుమారు 170 కిలోమీటర్లు. ‘అరిజోనా యూనివర్సిటీ’ అని మాత్రమే చెబితే వినేవాళ్ళకు ఏదో తెలియదు, ఊరి పేరు కూడా కలిపి చెప్పండి. విమానం టికెట్ మీద టూసానుకు టీ యూ ఎస్ అనీ, ఫీనిక్స్‌కు పీ హెచ్ ఎక్స్ అనీ ఉంటుంది, డబ్బు కట్టేముందు ఈ మూడక్షరాలు చూసుకోండి.

చుట్టుపక్కల పేర్లలోనూ ఇదే తిరకాసు. టెంపీని టెంపే అనకూడదు, ఊనిక ‘పీ’ మీద. హీలా నది పేరు ఇంగ్లీషులో జీ తో మొదలైనా పలికేది ‘హ’. చేతులెత్తి నిలబడినట్టుండే ఆ పెద్ద జెముడు చెట్టు సగువారో కాదు, సవారో. అక్కడ కూడా జీ నోట్లోకి రాదు.